నాయనమ్మ ఇసకతీగ

మా చిన్నప్పుడు... రుషికొండ దాటాక ఒడ్డునున్న మా పేటలో, పొద్దున్నే కళ్లు నులుముకుంటూ బయటికొస్తే గుమ్మం ముందు ఇసకదిబ్బంతా వంకాయరంగు పూలే! మేకగిట్టలా చీలిన ఆకులు, బారలు బారలుగా పాకిన తీగలు... పుస్తకాల్లో బాలబంద తీగంటారట. మాకు మాత్రం ఇసకతీగే.

మా నాయనమ్మ దాన్ని 'నా తోట' అనేది. తోటంటే ఏముంది... ఆ తీగ, పల్లేరు పూలు, గాలికి దొర్లిపోయే రావణాసురుడి మీసాల గడ్డి. వానాకాలం రాగానే తీగముక్కలు కోసి, కణుపు లోపలికి పోయేలా తడి ఇసకలో పూడ్చేది. చుట్టూ చిరుగువలతో దడి. మేకలొస్తే చీపురు పట్టుకుని పరిగెత్తేది!

పక్కింటి అత్త ఎగతాళి చేసేది.

"దేవుడికి పెట్టవు, జడలో పెట్టవు... ఏటి సేసుకుంటావే అప్పా ఆ పూలు?"

"పూలకి కాదొలే... ఇసకని పట్టుకుంటాదని" అనేది నాయనమ్మ.

తుపానొస్తే తీగంతా కొట్టుకుపోయేది. నేను ఏడుస్తుంటే నవ్వేది. "వేరుంది కదే గుంటా... మళ్లీ వస్తాది." నిజంగానే వచ్చేది. వాన వెలిసిన కొన్నాళ్లకే ఎర్రటి చిగుళ్లు తలెత్తేవి.

తర్వాత... బీచ్ చూడ్డానికొచ్చేవాళ్లకి కుర్చీలు వేస్తామని ఎవరో వచ్చి దిబ్బని చదును చేశారు. పిచ్చిమొక్కలట! ఒక్క పూటలో పొక్లెయిన్‌తో వేళ్లతో సహా లాగేశారు. నాయనమ్మ వలదడి పట్టుకుని అడ్డం నిలబడింది. "ఒరే బాబూ, వేరొక్కటీ వదిలీండ్రా..." అని బతిమాలింది. ఎవరు వింటారు?

ఆ పై ఏడాది వానల్లో సముద్రం గుమ్మందాకా వచ్చింది. మరుసటి ఏడు వంటిల్లు కూలింది. ఇప్పుడక్కడ మా ఇల్లు లేదు, ఇసకా లేదు... బండరాళ్లు పోశారు. కుర్చీలవాళ్లు కూడా ఎటో పోయారు.

ఇప్పుడు గాజువాకలో మేడమీద పోర్షన్‌లో ఉంటున్నాం. నాన్న షేర్ ఆటోలో హార్బర్‌కి వెళ్లి, ఎవరి బోటులోనో వేటకి పోతున్నాడు. నాయనమ్మ మెట్లు దిగలేకపోతోంది. పొక్లెయిన్ వచ్చిన రోజు వలదడికి చిక్కుకుని మిగిలిన ఒక్క తీగముక్కని నేను పెయింటు డబ్బాలో నాటాను. ఇల్లు మారినప్పుడల్లా దాన్నీ మోసుకొచ్చాం. ఆకులు వేసేది గానీ ఇన్నేళ్లూ మొగ్గ తొడగలేదు.

నిన్న పొద్దున పూసింది... ఒకే ఒక్క పువ్వు!

సంబరపడుతుందని నాయనమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. చాలాసేపు చూసింది. డబ్బాలో ఇసకని వేళ్లతో తడిమింది.

"పూసింది సరే గుంటా... ఇక్కడ దేన్ని పట్టుకుంటాదే?"

మధ్యాహ్నానికి ఆ పువ్వూ వాడిపోయింది.

మీ ఒడ్డున ఈ తీగ ఇంకా ఉంటే కింద కామెంట్లో ఒక్క ముక్క రాయండి... నాయనమ్మకి చదివి వినిపిస్తాను. పోయిందని మాత్రం ఎవరూ రాయకండి. ఆ కబురు మాకు కొత్త కాదు.