దీర్ఘం పోయిన దారి

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు డెట్రాయిట్ దగ్గర నోవైలోని మా అమ్మాయి ఇంటి నుంచి బయల్దేరాను. వాషింగ్టన్ దగ్గర హెర్న్‌డన్‌లోని తెలుగు మిత్రులు అక్కడి లైబ్రరీ హాల్లో మధ్యాహ్నం మూడింటికి నా ప్రసంగం పెట్టారు. విషయం ప్రపంచీకరణ, ఉగ్రవాదం. శీర్షిక నేనే ఇచ్చాను: ‘ఉగ్రవాదమే రేపటి దారా’. చివర ప్రశ్నార్థకం పెడదామని నిర్వాహకుడు సుధాకర్ ఫోన్లో అడిగితే ఒప్పుకోలేదు. దీర్ఘంతోనే ప్రశ్న వేయగల భాషకు ఇంగ్లీషు కొక్కెం దేనికని అరగంట వాదించాను.

డెట్రాయిట్ విమానాశ్రయంలో నా సంచి పక్కకు లాగారు. కందిపొడి సీసా మూత తీసి, గుడ్డముక్కతో అద్ది, యంత్రంలో పెట్టి చూసి తిరిగిచ్చారు. ఇరవై నిమిషాలు పోయాయి. వెళ్ళేవాళ్ళు పొడులను చెక్-ఇన్ పెట్టెలో వేసుకోవడం మేలు.

ఏడూ పదికి విమానం. పక్క సీట్లో, డెట్రాయిట్‌ను ఆనుకున్న డియర్‌బోర్న్‌లో స్థిరపడిన లెబనాన్ పెద్దాయన. “ఎప్పుడూ నా సంచే తెరుస్తారు. ఈరోజు మీది దొరికింది, నన్ను వదిలేశారు. థాంక్యూ!” అని చెయ్యి కలిపాడు.

దారిలో నోట్సు తిరగేశాను. సరుకుకూ పెట్టుబడికీ సరిహద్దులు చెరిపేసినవాళ్ళు మనుషులకు మాత్రం గోడలు కట్టారు. ద్వేషానికి ఆ గోడలు అడ్డం కావు. ఏ మతం పేరిట రెచ్చగొట్టేవాడికైనా ఇప్పుడు వీసా అక్కర్లేదు. గదిలో ఒంటరిగా కూర్చున్నవాడి ఫోన్లోకి నేరుగా వస్తాడు. రేపటి ఉగ్రవాదికి శిబిరం అక్కర్లేదు, నాయకుడు అక్కర్లేదు, ఒక్కోసారి బాంబూ అక్కర్లేదు. మనం భయపడితే చాలు. ఈ చివరి వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఎనిమిదీ ముప్పావుకు వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో దిగాను. అక్కడి నుంచి మెట్రో రైల్లో రెండో స్టేషనే హెర్న్‌డన్. టాక్సీ అనవసరం, బ్యాంకు కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది.

స్టేషన్ బయట సుధాకర్ కారులో ఎదురుచూస్తున్నాడు. కరీంనగర్ వైపు అబ్బాయి, పదకొండేళ్ళుగా ఇక్కడ హెచ్-వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“సార్, పరేషాన్ అయింది. హాల్ క్యాన్సిల్ చేసిండ్రు.”

వాట్సాప్ గ్రూపులో తాను పంపిన పోస్టర్ చూపించాడు. ‘ఉగ్రవాదమే రేపటి దారి. అందరూ ఆహ్వానితులే. ఉప్మా, కాఫీ కలవు.’

“దీర్ఘం ఏదయ్యా?” అని అరిచాను.

“ఇంగ్లీష్ అక్షరాలల్ల టైప్ చేసిన సార్. దారా అని కొడితే ఫోన్ దారి అని దిద్దింది. నేను చూస్కోలె. ఎవరో ట్రాన్స్‌లేట్ చేసి లైబ్రరీకి ఫార్వర్డ్ చేసిండ్రు. ప్రశ్నార్థకం ఉంటే...” అని ఆగిపోయాడు. మిగతాది అనకపోవడం అతని మర్యాద.

పదిన్నరకు లైబ్రరీకి వెళ్ళాం. అక్కడి అధికారి, నడివయసు స్త్రీ, కూర్చోబెట్టి శ్రద్ధగా విన్నది. దారి అంటే మార్గం, దారా అంటే మార్గమేనా అని అడగడం, తేడా ఒక్క అచ్చు అని రెండు మాటలూ కాగితం మీద రాసి చూపించాను.

“అయితే ఇది ప్రశ్న. మరి ప్రశ్నార్థకం ఎందుకు పెట్టలేదు?” అన్నదామె.

యాభై ఏళ్ళుగా ఎదుటివాళ్ళను ఇరుకున పెట్టిన నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

హాలు ఇస్తామంది. బుక్ చేసినవారు జరిగింది రెండు వాక్యాల్లో రాసి సంతకం చేయాలి, అంతే. సుధాకర్ పెన్ను తీసుకున్నాడు, మూత తీయలేదు. “ఒక్క నిమిషం సార్” అని నన్ను బయటికి తీసుకొచ్చాడు.

“డిసెంబర్‌ల వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ పోవాలె. టెర్రరిజం అన్న మాట, దాని కింద నా సంతకం, ఒక్క కాయితం మీద! ఎక్కడన్న స్కాన్ అయితే నన్ను మళ్ళ రానిస్తరా? పిల్ల సెకండ్ గ్రేడ్‌ల ఉంది.”

“తప్పు చేయలేదని రాయడానికి భయమేమిటయ్యా! ఇట్లా అందరూ జడిస్తే...”

“మీకేం సార్, వచ్చే నెల ఇండియా పోతరు.”

నేను సంతకం చేస్తానని లోపలికి వెళ్ళి అడిగాను. బుక్ చేసినవారే చేయాలన్నారు. ఒళ్ళు మండింది. నిబంధన మీదా, సుధాకర్ మీదా, ఎవరో తెలియని ఆ ఫార్వర్డ్ వీరుడి మీదా, అన్నిటికన్నా నా దీర్ఘం మీదా. బయట సుధాకర్ మూత తీయని పెన్ను పట్టుకునే నిలబడి ఉన్నాడు. “వద్దులే, పద” అన్నాను. కారెక్కేసరికి అతని ఫోన్ మోగుతూనే ఉంది. సభ్యులు ఒక్కొక్కరే గ్రూపు వదిలి వెళ్ళిపోతున్నారు.

మూడింటికి, ప్రసంగం మొదలు కావలసిన వేళకు, సుధాకర్ వంటగదిలో నలభై మందికి చేసిన ఉప్మా ముందు ముగ్గురం కూర్చున్నాం. తినకుండానే నా వాదం ఎత్తుకున్నాను. రెండు నిమిషాలకే అతని భార్య లత చేత్తో సైగ చేసింది. “అంకుల్, కొంచెం మెల్లగ. టౌన్‌హోమ్ కదా, నడుమ ఒక్కటే గోడ, పక్కింటికి వినిపిస్తది. టెర్రరిజం అన్న మాట వాళ్ళకూ తెలుస్తది.”

ఏ వేదిక మీదా తగ్గించని గొంతు తగ్గించాను.

ఆరింటికి స్టేషన్లో దింపుతూ సుధాకర్ ఉప్మా డబ్బా చేతికిచ్చాడు. “సార్, ఇదంత రాస్తరా?”

“రాస్తాను.”

అతను తల వంచుకుని స్టీరింగ్ గోకాడు. “రాయుండ్రి. కానీ...”

తిరుగు విమానంలో గీతలు గీసిన వాక్యం మళ్ళీ చదివాను. ఉదయం దాన్ని హెర్న్‌డన్ వాళ్ళకు చెప్పడానికి తీసుకెళ్ళాను. వాళ్ళకది నాకన్నా ముందే తెలుసు. ప్రపంచమంతా ఒక్కటైందని మురిసేవాళ్ళు ఆ వంటగదిలో ఒక్క పూట కూర్చుని మాట్లాడి చూడాలి. నేను నోట్సులో ప్రసంగం శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టాను, ఆలస్యంగా.

ఇందులో సుధాకర్ అన్నది అతని పేరు కాదు. ఆమె పేరు లతా కాదు. జిల్లా కూడా మార్చాను.