జపాను ఠాకురాణి

బరంపురం టైలర్లతో నాకొక పేచీ ఉంది. చొక్కా జేబు మరీ లోతుగా కుడతారు. అందులో వేసిన బస్సు టిక్కెట్టు మళ్ళీ చాకలికే దొరుకుతుంది. కాస్త పైకి కుట్టి ఉంటే నేను జపాను గుడిలో జేబులో వేసుకున్న కాగితం అక్కడే ఎక్కడో జారిపోయి ఉండేది. మా ఇంట్లో ఒక తొమ్మిదో నెల ప్రశాంతంగా గడిచేది.

యంత్రాల పని నేర్చుకు రమ్మని కంపెనీ వాళ్ళు నన్ను నెల రోజులు జపాను పంపినప్పుడు మా ఆవిడకి నాలుగో నెల. అంతకుముందు రెండుసార్లు ఐదో నెలలోనే కడుపు పోయింది. అందుకని ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. లోపల మాత్రం అందరూ రోజులు లెక్కపెట్టుకునేవారు. మా అమ్మ పొడంపేట మనిషి. దండం పెట్టకుండా పడవ నీళ్ళలోకి తొయ్యని ఊరు అది. నేను బయలుదేరుతుంటే ఒకటే మాట చెప్పింది.

“ఒరే, అక్కడా అమ్మోరి గుడి ఉంటాది గదా. ఎల్లి కోడలి సంగతి సెప్పుకో.”

“అక్కడి అమ్మవారికి తెలుగు రాదే.”

“నీకు మాత్రం మొక్కడం వొచ్చేటి? ఎల్లు.”

వెళ్ళాను. వందల ఏళ్ళనాటి గుడి. ఎర్రరంగు వేసిన పెద్ద కొయ్య ద్వారం, నాచు పట్టిన రాతి మెట్లు. లోపలున్నది అమ్మవారో అయ్యవారో తెలియలేదు, విగ్రహం కనబడదు. వాకిట్లో రాతితొట్టి, వెదురు గరిటెలు ఉన్నాయి. అవి చేతులు కడుక్కోవడానికని తరవాత తెలిసింది. నేను తీర్థమనుకుని మూడుసార్లు పుచ్చుకుని, తడిచెయ్యి తలకి రాసుకున్నాను. పక్కనున్న ముసలాయన చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. పెద్దమనిషి. అందరూ రెండు చప్పట్లు కొట్టి మొక్కుతుంటే నేనూ కొట్టి, మా ఆవిడ సంగతి తెలుగులోనే చెప్పుకున్నాను.

ఆ పక్కన ఒక పెట్టె. ఊపితే అంకె వేసిన పుల్ల బయటికొస్తుంది. ఆ అంకెకి తగిన కాగితం అక్కడి అమ్మాయి తీసి ఇస్తుంది. నా కాగితం చూసి ఆ అమ్మాయి ముఖం చిన్నదైంది. పక్కనున్న తీగలు చూపించింది. వాటికి అలాంటి కాగితాలే మడిచి కట్టేసి ఉన్నాయి. ప్రసాదం గుడిలోనే వదిలేసి పోయే అలవాటు మనకి లేదు. వద్దన్నట్టు నవ్వి, కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాను. ఆమె మళ్ళీ తీగలు చూపించింది. నేను మళ్ళీ కళ్ళకద్దుకున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ ఆ కాగితానికి పసుపు రాసి, కంసాలి చేత రాగి గొట్టంలో పెట్టించి, తాయెత్తుగా మా ఆవిడ జబ్బకి కట్టింది. అంతకుముందే నేను కాగితం మీది రెండు పెద్ద అక్షరాలు అందంగా ఉన్నాయని దించుకుని, అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయనకి రాసిన ఉత్తరంలో వేసి అర్థం అడిగాను. ఐదో నెల దాటింది, ఆరు దాటింది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి తాయెత్తు ముట్టుకుని వెళ్ళేవారు. ఒరియాలో ఠాకురాణి అంటే అమ్మవారు; ‘జపాను ఠాకురాణి’ అని దానికి పేరు కూడా వచ్చింది.

పెద్దాయన జవాబు తొమ్మిదో నెలలో వచ్చింది. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. ఆ రెండక్షరాలకి అర్థం మహా అశుభం. అలాంటి కాగితం వస్తే గుడిలోనే కట్టేసి వస్తారట, చెడు అక్కడే ఆగిపోతుందట. మీరు మరిచిపోయి తీసుకెళ్ళినట్టున్నారు, పరవాలేదు, అని ముగించాడు.

నేను డిగ్రీ చదివాను, ఇలాంటివి నమ్మను. నమ్మకుండానే రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు, రాగి పడక దద్దుర్లొస్తాయట, తాయెత్తు తీసేద్దామా అన్నాను.

“దద్దుర్లు దానికొచ్చినాయేటి, నీకొచ్చినాయేటి?” అంది అమ్మ.

“ఆస్పత్రిలో ఒంటిమీద లోహం ఉండకూడదంటారే.”

“గాజులు తియ్యమన్నారు. అమ్మోర్ని తియ్యమన్నారేటి?”

నిజం చెబితే మా ఆవిడ కూడా భయపడుతుంది. చెప్పకపోతే నేనొక్కణ్ణే. రెండోదే నయమనిపించి ఉత్తరం జేబు అడుక్కి తోశాను. చొక్కా మార్చినప్పుడల్లా అదీ మారేది.

ఒక మంగళవారం పొద్దున్న నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని, గోడకున్న కుటుంబ నియంత్రణ బోర్డు ఒరియాలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చదివాను. పదకొండింటికి నర్సు వచ్చి “ఝిఅ హేలా” అంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారంది. సరేనన్నాను. లేవకుండా ఇంకాసేపు కూర్చుని ఆ బోర్డే మళ్ళీ చదివాను. ఈసారి చాలా బాగా రాశారనిపించింది.

ఉత్తరం సంగతి అక్కడితో సరి అనుకున్నాను. ఇరవయ్యొకటో రోజున పిల్లకి నీళ్ళు పోశాక అమ్మ మా ఆవిడ జబ్బనున్న తాయెత్తు విప్పి, పిల్ల మొలతాడుకి గుచ్చడం మొదలుపెట్టింది. నా డిగ్రీ అంతవరకే పనిచేసింది. జేబులోంచి ఉత్తరం తీసి, మొదటినుంచి చివరిదాకా తెలుగులో చెప్పేశాను.

మా ఆవిడ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. కాసేపటికి నవ్వడం మొదలెట్టింది.

“అత్తా, పుట్టెంటికలివ్వడానికి తారాతారిణి కొండకెల్తాం గదా. ఆ కొండమీదే ఎక్కడో కట్టీసి వొచ్చేద్దాం” అంది.

నాకు తట్టని ఉపాయం. నెలన్నర తరవాత మొదటిసారి నా జేబు తేలికైంది.

అమ్మ తాయెత్తు తీసి కొంగున ముడేసుకుంది. నావైపు తిరిగింది.

“సదువుకున్నోడివి గదా, ఏటి రాసుందో సూసే తెచ్చుంటావని అడక్కుండా కట్టీసినాను. తప్పు నాదే” అంది.