వాసన లేని సబ్బు నీళ్లు

రేవు పక్క కొట్టులో ఆయన చేసేదల్లా ఇతరుల ఊపిరి బాగుచెయ్యడం. సముద్రంలో మునిగేవాళ్లకు సిలిండర్‌లోని గాలిని నోటిదాకా తెచ్చే ఇత్తడి పరికరం ఉంటుంది, రెగ్యులేటర్ అంటారు. దాన్ని రిపేరు చేస్తాడు. తొందరంటే ఆయనకు ఒళ్లుమంట. అర్జెంటన్నవాడి సామాను అరలో వెనక్కి పోతుంది. చాదస్తం మేస్త్రీ అని అందరూ మొహం మీదే అంటారు.

అలాంటి మనిషికి ఆ రోజు ఇంట్లోంచే తొందర వచ్చిపడింది. భార్య ఓడల అడుగుభాగాలు చూసే డైవరు.

"పీలుస్తుంటే గాలి బరువుగా వస్తోందండీ. రేపు పొద్దున్నే దిగాలి," అంటూ తన రెగ్యులేటర్ బల్లమీద పెట్టింది. ఇంకొకరిది నోట్లో పెట్టుకోదు మహాతల్లి.

ఆయన చేతిలో పని పక్కన పడేశాడు. విప్పి చూస్తే లోపలంతా ఉప్పు గడ్డకట్టి, ఇత్తడి పచ్చగా చిలుముపట్టింది.

చెవికందని శబ్దంతో నీళ్లను వణికించి మురికి వదిలించే స్టీలు తొట్టి ఒకటుంది ఆయన దగ్గర. అందులో పోసే నీళ్లు మాత్రం సొంత తయారీ. బట్టల పొడి వేస్తే నురగ పొంగి తొట్టి నీరసపడుతుంది. ఘాటు క్లీనర్లు లోహాన్నే తినేస్తాయి. వెనిగర్ చిలుమును భలే వదిలిస్తుంది గానీ, ఏమరుపాటున ఉంచేస్తే పైపూతనీ ఊడ్చుకుపోతుంది. అన్నీ పాడుచేసి నేర్చుకున్నవే. చివరికి గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలేయడం దగ్గర స్థిరపడ్డాడు. మొండి చిలుమైతే తర్వాత విడిగా పల్చటి వెనిగర్‌లో కాసేపు ముంచి తీస్తాడు.

రబ్బరు ముక్కలు తీసి పక్కనపెట్టి, ఇత్తడి భాగాలు తొట్టిలో దించి స్విచ్ వేశాడు. సన్నటి రంధ్రాల్లోంచి మురికి పొగలా లేచింది. బ్రష్షు తగల్లేదు, చెయ్యి తగల్లేదు. ఎన్నేళ్లు చూసినా ఆయనకిది పాతబడలేదు, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. పెద్ద మేడ కనబడితే మెడ నొప్పెట్టేదాకా చూస్తారు జనం, ఈ తొట్టి ముందు ఒక్కడూ ఆగడేం?

కడిగి, ఆరబెట్టి, సిలిండర్‌కి బిగించి పీల్చాడు. గాలి హాయిగా వచ్చింది, దాంతోపాటు నిమ్మ వాసనా వచ్చింది. వాసన లేని లిక్విడ్ అయిపోతే, కంగారులో వంటింటి సీసా తెచ్చి పోశాడు మరి.

"నిమ్మ వాసనేగా, బానే ఉంటుందిలెండి," అని నవ్విందావిడ.

"ఇక్కడ బానే ఉంటుంది. కింద అదే పనిగా పీలిస్తే కడుపులో తిప్పుతుంది. నీళ్లలో వాంతి చేసుకుంటావా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "మరి రేపు?"

"ఆ సంగతి నాకొదిలెయ్."

వీధి చివరి దుకాణంనుంచి రంగూ వాసనా లేని లిక్విడ్ తెచ్చి, అంతా విప్పి, మళ్లీ మొదటికొచ్చాడు. ఈసారి పీలిస్తే ఏ వాసనా లేదు. నమ్మకం కుదరక ఇంకోసారి పీల్చాడు.

మర్నాడు ఆవిడ ఓడ పక్కన మునిగింది. ఆయన గట్టుమీద నిలబడి బుడగలకేసి చూస్తున్నాడు. గుత్తులు గుత్తులుగా పైకొచ్చి పగులుతున్నాయి. తన బల్లమీద బిగించిన ఇత్తడిలోంచే అంత లోతున ఒక మనిషి ప్రాణం ఆడుతోందనుకుంటే ఒళ్లు జలదరించింది.

ఆవిడ పైకొచ్చి మాస్కు తీసింది.

"గాలి ఎలా వచ్చింది?" అనడిగాడు.

"గాలా?" కాస్త ఆలోచించింది. "అసలు దాని సంగతే గుర్తురాలేదండీ."

ఇంతకన్నా మెచ్చుకోలు ఏముంటుందనుకుంటూ ఆయన రెగ్యులేటర్ అందుకుని, ఉప్పు పట్టకుండా మంచినీళ్లతో కడగడం మొదలెట్టాడు.