ఎంగిలి ఇంజనీరు

ఏదైనా వృథాగా పోతుంటే మావయ్య చూస్తూ ఊరుకోలేడు. పొగ కానీ, బూడిద కానీ, కాగి చల్లారిన నీళ్లు కానీ, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఒకటే ప్రశ్న వేస్తాడు: "దీన్నెవరు తింటారు?"

ఒక ఫ్యాక్టరీ వదిలేసింది ఇంకో ఫ్యాక్టరీకి పనికొచ్చేలా గొట్టాలు వేయించడం ఆయన ఉద్యోగం. అందుకని ఆ పారిశ్రామికవాడంతా ఆయనకు ఎంగిలి ఇంజనీరు అని పేరు పెట్టింది. ఆయన దగ్గర నక్షాలు గీసే మేనకోడలికి ఆ పేరు వింటే తల కొట్టేసినట్టుండేది. ఆయన మాత్రం బిరుదు ఇచ్చినట్టు పొంగిపోయేవాడు.

ఇంట్లోనూ అదే వరస. "ఆ కూరగాయల తొక్కలెవరు తింటారే?" అంటే, "కూర్చోండి, మీకే వడ్డిస్తా" అనేది అత్తయ్య.

ఒకసారి గాజు ఫ్యాక్టరీ అనుకుని క్యాంటీనుకు ఫోన్ చేశాడు. "రేపటినుంచి ఆవిరికి ఇద్దరు తినేవాళ్లు" అని చెప్పి పెట్టేశాడు. మర్నాడు వంటమనిషి రెండు కంచాలు ఎక్కువ వేసి, మూడింటిదాకా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆవిరిగారి తాలూకు వాళ్లు ఇంకా రాలేదండీ!"

ఆ రెండు భోజనాలూ మావయ్యే తినాల్సి వచ్చింది. పారేస్తే ఎవరు తింటారు మరి?

అసలు గొడవ రెండో గొట్టం దగ్గర వచ్చింది. అట్టల మిల్లులో మిగిలిన ఆవిరితో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ నడుస్తోంది. అదెప్పుడైనా ఆగిపోతే పనికొస్తుందని గాజు ఫ్యాక్టరీ నుంచి కూడా లాండ్రీకి ఒక గొట్టం వేయించాడాయన. రెండేళ్లుగా అందులో ఆవిరి పారింది లేదు. లాండ్రీ ఆడవాళ్లు దానిమీద తువ్వాళ్లు ఆరేసుకునేవాళ్లు.

"పీకేద్దాం. అలంకారానికా?" అన్నాడు సమావేశంలో అట్టల మిల్లు యజమాని.

"అడవిలో రాలిన ఆకుని ఒక్క పురుగే తింటుందా? పురుగు లేకపోతే బూజు, బూజు లేకపోతే వానపాము. ఒక్క కంచాన్నే నమ్ముకుంటే అడవి ఎప్పుడో పస్తులతో పోయేది" అన్నాడు మావయ్య.

"ఇది అడవి కాదండీ బాబూ!"

అందరూ నవ్వారు. మూలన నక్షా చుట్ట పట్టుకున్న మేనకోడలు నేలకేసి చూసింది. పీకేద్దామన్నవాళ్లు చేతులెత్తబోతుండగా లాండ్రీ మేస్త్రమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"అట్టల మిల్లు బాయిలరు ఆగిపోయిందయ్యా! ఆపరేషన్ల గదికి సాయంత్రానికల్లా దుప్పట్లు అందాలి. యంత్రాలు చల్లబడిపోతున్నాయి!"

మిల్లు యజమాని మొహం అట్టలా అయిపోయింది. మావయ్య అప్పటికే పరుగు.

గాజు ఫ్యాక్టరీ ఆవిరి మామూలుగా పచ్చికర్ర ఆరబెట్టడానికి పక్కనున్న కలప అడితికి పోతుంది. "కర్ర ఒకరోజు పస్తుంటుంది, ఆసుపత్రి ఉండలేదు" అంటూ ఆయన గొట్టాలెక్కాడు. కానీ ఏ వాల్వు మూయాలి, ఏది తెరవాలి? అది నక్షాలో ఉంది. నక్షా ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని పిల్ల చేతిలో ఉంది.

"నాలుగు మూయండి! ఏడు తిప్పండి! ఎడమకి కాదు మావయ్యా, కుడికి!"

యంత్రాల రొదను మించిన ఆ గొంతు తనదేనని ఆమెకు కాసేపటికి కానీ తెలియలేదు. గొట్టం గుర్రుమంది. తువ్వాళ్లు గాల్లోకి ఎగిరాయి. లాండ్రీ ఆడవాళ్ల ఈలలతో రేకుల కప్పు మోగిపోయింది. దుప్పట్లు వేళకే వెళ్లాయి.

మిల్లు యజమాని మావయ్య చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి, "మా దగ్గర తడి అట్టముక్కలున్నాయి... వాటినెవరు తింటారంటారు?" అన్నాడు.

వారం తర్వాత, గోడకు తగిలించడానికి ఆ నక్షాను శుభ్రంగా తిరగగీస్తుంటే, మేనకోడలికి అంచుల్లో మావయ్య పెన్సిలు రాతలు కనిపించాయి. 'కాపలా తాత: మోకాళ్లు. గాజు ఫ్యాక్టరీలో కూర్చునే పని, లేదా క్యాంటీను.' 'మిల్లు తీసేసిన ముగ్గురు: అడితి, లేదా లాండ్రీ.' గొట్టాలకు లాగే ప్రతి మనిషికీ రెండేసి దారులు. ఆ తాత ఇప్పుడు గాజు ఫ్యాక్టరీలో స్టూలు మీద ఉన్నాడు. ఆ ముగ్గురూ అడితిలోనే ఉన్నారు.

చివర్న ఇంకొకటి. 'అక్క కూతురు: ఆరు ఇంటర్వ్యూల్లో నోరు విప్పలేదు. చెయ్యి బంగారం. మా ఆఫీసు, లేదా...' అక్కడ ప్రశ్నార్థకం.

"నేనూ ఎంగిలేనా మావయ్యా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఛ, ఛ! నీకు రెండో కంచం వెతకాలని రాసుకున్నానే. మొన్న నీ గొంతు విన్నాక గాజు ఫ్యాక్టరీ వాళ్లే అడిగారు, పంపిస్తారా అని."

"మీరేమన్నారు?"

"మా కంచం ఖాళీ అయ్యాక చూద్దామన్నా."

ఆమె నవ్వాపుకుంటూ రబ్బరు తీసి ఆ ప్రశ్నార్థకం చెరిపేసింది. బల్ల మీద రాలిన పొడిని ఊదబోతుంటే మావయ్య వేలెత్తాడు.

"ఆగు! దాన్నెవరు..."