రేకును సరిచేసిన శుక్రవారం

నేను బడి మెట్లెక్కలేదు. నూలు మూటలకు చుట్టి వచ్చిన పేపర్ల మీద కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అయినా ఈ మరాఠీ గడ్డ మీద, మా పద్మనగర్‌లో నేను బాగుచేయలేని సాంచా, అదే మరమగ్గం, లేదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను, నా మనవరాలి ముందు తప్ప.

ఆమె పక్కనున్న ఠాణా ఊళ్లో, కాలేజీలో ఫిజిక్స్ చదువుతోంది. కంటికి కనబడని కణాలను గొట్టంలో పరుగెత్తించే పెద్ద యంత్రాలుంటాయట. ఆ కణాల ధార నడుమనుంచి పోతోందా, పక్కకు జరిగిందా చెప్పేందుకు గొట్టం లోపల నాలుగు రేకులు. వాటి మాట ఎంతవరకు నమ్మాలో ముందే తేల్చుకోవాలి. అందుకు అలాంటి రేకులున్న జానెడు గొట్టం తెచ్చి, ధార బదులు కరెంటు పారే సన్నని రాగితీగ గుచ్చి, దాన్ని కొలిచి జరుపుతూ మీటరు అంకెలు రాస్తోంది. ఆ అంకెల పుస్తకం శనివారం కాలేజీలో ఇవ్వకపోతే ఏడాది పోతుంది. మా గల్లీలో సాంచాలు ఆడితే గోడలే వణుకుతాయి, తీగ ఆగుతుందా? అందుకే సాంచాలకు వారం సెలవైన శుక్రవారం చూసుకుంది. సాయంత్రం ఏడింటికి మళ్ళీ మోత మొదలు.

పొద్దున ఆమె తీగను రెండువైపులా ముడేస్తే నడుమ వేలాడింది. ఒక కొస విప్పి, గిరక మీదుగా వేసి, ఇనుప నట్టు కట్టాను. తీగ బిగిసింది.

"తాతా, నువ్వు జబర్దస్త్!" అంది. అక్కడే చెడ్డాను.

మధ్యాహ్నం ఆమె అన్నానికి లేచింది. తీగ సరిగ్గా నడుమ ఉంది. మీటరేమో ఎడమకు జరిగిందంటోంది. చూస్తే ఎడమ రేకు కాస్త లోపలికి వంగింది. పట్టకారుతో వెనక్కి వంచాను. మీటరు సున్నాకు వచ్చింది.

"ఎవలు ముట్టిన్రు దీన్ని?" అంది తిరిగొచ్చి.

"నేనే. వంకర ఉండె, సీదా చేసిన."

"అయ్యో తాతా! అది ఎంత తప్పు చెప్తదో రాసుకునుడే నా పని. పొద్దటి సంది రాసినయన్నీ బేకార్!"

"ఏందే గీ చదువు? తప్పు దొరికితె బాగుచెయ్యరు, పుస్తకంల రాసుకుంటరా?"

"అసలు యంత్రంల రేకు లోపల బందయి ఉంటది. నీ పట్టకారు ఆడికి పోదు. తప్పెంతో ఎరుకైతె, మీటరు అంకెలకెల్లి అంత తీసేసుకుంటరు."

పట్టకారు జేబులోకి పోయింది. కోపం మాత్రం పోలేదు.

నన్ను గడప అవతల కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకోమంది. మళ్ళీ మొదటినుంచి. ఏడింటికి పది నిమిషాలుండగా చివరి అంకె రాసింది. కాసేపటికే గల్లీ దడదడలాడింది.

పుస్తకం చూశాను. పొద్దటి అంకెలకు అడ్డంగా గీత. పక్కన మరాఠీలో, నాకు రాదనుకుని: "చెల్లవు. కారణం: తాత." మూటలకు మరాఠీ పేపర్లు కూడా చుడతారని ఆమెకేం తెలుసు?

దాని కింద తెలుగులో రాశాను: "నట్టు కట్టిందీ తాతే."

శనివారం మాస్టారు ఇదేమిటని అడిగితే చదివి వినిపించిందట. పాసు చేశాడు. నట్టుకెన్ని మార్కులిచ్చాడో మాత్రం, ఎన్నిసార్లడిగినా చెప్పడం లేదు.