నాలుగో ట్రయల్‌లో నేను వేసిన పొడి

మొన్న మా చెల్లెలి కూతురు సుజాత షెడ్డులో నేను చేసిన ఘనకార్యం చెబితే మీరు నవ్వుతారు. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

పాల్వంచ చివర సుజాతకు చిన్న షెడ్డు ఉంది. విస్తరాకుల వెనక అట్ట అంటించే తెల్ల గమ్ము తయారుచేస్తుంది. ముడిసరుకు నీళ్లలో పాలలా కలిసి వేడెక్కాక ఇనీషియేటర్ అనే పొడి వేయాలి. గమ్ముగా మారడం దానితోనే మొదలు. అది ఎంత వేస్తే బాగా అంటుకుంటుందో తేల్చడానికి రోజుకో మోతాదుతో ట్రయల్ చేస్తోంది. ఇది నాలుగోది, ఆఖరిది. ముడిసరుకు కూడా దీనికి సరిపడా మాత్రమే మిగిలింది. అడవి ఊళ్లో విస్తళ్లు కుట్టే ముత్తక్క శాంపిల్ కోసం ఖాళీ సీసా పట్టుకుని వచ్చి బయట కూర్చుంది. నచ్చితేనే వాళ్ల సంఘం ఆర్డర్ ఇస్తుంది.

"పెద్దమ్మా, టైమర్ మోగంగనే గీ కాగితంల పొడి వెయ్యి. కరెంటాయనతోని మాట్లాడి జల్దీ వస్త," అని సుజాత వెళ్లింది.

మర్చిపోతానన్న భయంతో కొంగుకు ముడి వేసుకున్నాను. టైమర్ మోగింది. వేశాను. ముడి విప్పడం మర్చిపోయాను! కాసేపటికి చూసుకుంటే ముడి అలాగే ఉంది. అయ్యో, ఇంకా వేయలేదే! కాగితం ఖాళీగా ఉంటే, గాలికి పొడి ఎగిరిపోయిందనుకున్నాను. డబ్బాలోంచి అందాజుగా తీసి గుమ్మరించాను.

ఇక చూడండి! థర్మామీటర్ ముల్లు పరుగెత్తింది. నురగ పొంగింది. సుజాత ఉరికొచ్చి హీటర్ ఆపేసరికి అంతా పలుకులు పలుకులు. రెండుసార్లు వేశానని అప్పుడు వెలిగింది నాకు; ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ముత్తక్క తొంగిచూసింది. "ఏందమ్మా, పాలు విరగ్గొట్టినవా?"

"పొడి ఎక్కువైతే గంతే అక్కా," అంది సుజాత. "గమ్ముల కంటికి కానరాని గొలుసులుంటయి, అవి ఒక్కసారే బోలెడు మొదలైతయి. ఏదీ పొడుగు పెరగదు, పట్టు రాదు. మరీ ఎక్కువైతే గిట్ల విరుగుతది."

నన్ను తిట్టినా బాగుండేది. ముత్తక్క ఖాళీ సీసా సంచిలో పెట్టుకుని, "సరుకొచ్చినంక కబురు పెట్టు బిడ్డా," అని బస్సుకు వెళ్లిపోయింది.

సుజాత నోటుబుక్కు తెరిచింది. "పోనీ పెద్దమ్మా, చెడినది కూడ రాసుకుంటే పనికొస్తది. రెండోసారి ఎంతేసినవ్?"

"రెండు చెంచాలో... మూడో..."

"ఏ చెంచా?"

చెంచాతో వేశానా, డబ్బా మూతతో పోశానా? అదీ గుర్తు లేదు!

మొదటి మూడు ట్రయల్స్ పక్కన గ్రాములు ముత్యాల్లా రాసి ఉన్నాయి. నాలుగో దాని పక్కన సుజాత రాసుకుంది: "పెద్దమ్మ వేసినంత."