మెకే వారి గళ్ల గుడ్డ

బైబిల్ మీద చెయ్యేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నేను ఐసీయూ నర్సుని... చీకటికి జడిసే మనిషినైతే ఇన్నేళ్లు నైట్ డ్యూటీలు చేయగలనా?

నా పేరు గ్రేస్ మెకే. ఊరు చీరాల. ఇంటిపేరు వినగానే అందరూ నా మొహం చూసి నవ్వుతారు. మా ముత్తాత తండ్రి గళ్ల రుమాళ్లు కొనడానికి స్కాట్లండ్ నుంచి వచ్చి, ఓ నేతపిల్లను పెళ్లాడి మా ఊళ్లోనే ఉండిపోయాడట. నాన్న ఆ మాట ఎత్తితే చాలు, "దొరగారి మనవడొచ్చాడు, కుర్చీ వెయ్యండ్రా" అని చుట్టాలు ఎగతాళి. నాన్న నవ్వేసేవాడు గానీ, ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. అందుకే నాకు పంతం... అది నిజమని తేల్చాలి. సౌదీలోని ధహ్రాన్‌లో మా ఆసుపత్రికి ఏ స్కాట్లండ్ ఇంజినీరు వచ్చినా, బీపీ చూస్తూనే మెకేల గురించి ఆరా తీసేదాన్ని. స్కాట్లండ్‌లో ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ల గుడ్డ ఉంటుందని వాళ్లే చెప్పారు.

మొన్న చలికాలంలో, సెలవు రోజున, నా రూమ్మేట్ సుజాతతో హఫూఫ్ పాత బజారుకు వెళ్లాను. ఓ పాత సామాన్ల కొట్లో కాఫీ కూజాల వెనక ఉన్ని మఫ్లరు వేలాడుతోంది. నీలం, ఆకుపచ్చ గళ్లు. అంచున కుట్టిన చిన్న పట్టీ మీద... మెకే. నా ఇంటిపేరు! బేరమాడకుండా కొనేశాను.

"కోయీ గోరా సాబ్ ఎగ్జిట్ పే జాతే జాతే బేచ్ గయా, బహెన్" అన్నాడు కొట్టాయన. ఎవరో తెల్లదొర దేశం వదిలి పోతూ అమ్మేశాడట.

ఆ రాత్రి హాస్టల్లో నా పెట్టె తీశాను. అందులో నాయనమ్మ ఇచ్చిన పాత రుమాలు ఉంది. ఆ నేతపిల్ల తన చేత్తో నేసినదట. మఫ్లరు పక్కన పరిచాను... అవే గళ్లు. అదే నీలం, అదే ఆకుపచ్చ. ఒకటి ఉన్ని, ఒకటి నూలు, అంతే తేడా. గర్వంతో ఏడుపొచ్చేసింది నాకు.

"ఇంకేం, దొరసానమ్మగారూ! రేపట్నుంచి మాతో మాట్టాడతారా లేదా?" అంది సుజాత.

రెండు గుడ్డల్నీ కుర్చీ మీద వేసి లైటు ఆపాను.

అప్పుడు... టక్.

కాసేపటికి... డబ్.

"ఎవరో తలుపు కొడతన్నారే" అంటూ సుజాత లేచింది. వరండాలో ఎవరూ లేరు. హీటరు చప్పుడేమోనని ఆపింది. టక్... డబ్. టక్... డబ్. కుర్చీ వైపు నుంచే.

నాకు తెలుసు ఆ చప్పుడు. అది వింటూనే పెరిగాను. మగ్గం! నూలు కండె మోసే నాడె అటు పరిగెత్తితే టక్... నేతను బిగించే పలక వచ్చి కొడితే డబ్.

ఉన్నట్టుండి ఆగింది. పోగు తెగితే నాయనమ్మ ఇలాగే ఆపేది. వేళ్లతో ముడి వేసి, మళ్లీ మొదలుపెట్టేది. ముడి వేయడానికి ఎంతసేపు పడుతుందో, సరిగ్గా అంతసేపు... మళ్లీ టక్. డబ్.

సుజాత నా చెయ్యి పట్టుకుంది.

"మీవాళ్లేమోనే... అడుగు" అంది గుసగుసగా.

"దొర తాతా... నువ్వేనా?" అన్నాను. ఆగలేదు. పేరు పెట్టి పిలిచాను. ఇంగ్లీషులో కూడా అడిగాను. ఆగలేదు.

అప్పుడు తట్టింది... ఆమె! ఆ నేతపిల్ల! పిలుద్దామంటే పేరు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్ని తరాలుగా ఆయన పేరే చెప్పుకున్నాం.

"అవ్వా..." అన్నాను. "నేనే. నీ పిల్లని."

ఆగిపోయింది.

పైపుల్లో నీళ్ల చప్పుడేనని సుజాత ఇప్పటికీ వాదిస్తుంది. అయినా ఆ గదిలో ఒంటరిగా పడుకోదు. అయి ఉండొచ్చేమో... నేనే తేల్చుకోలేకపోతున్నాను.

తెల్లారగానే నాన్నకు ఫోన్ చేశాను. "గళ్లు కలిశాయి నాన్నా. మనం మెకేలమే" అన్నాను. "నాకు తెల్సు తల్లీ... నాకెప్పుడో తెల్సు" అన్నాడు.

"మరి ఆ రుమాలు నేసినావిడ పేరేంటి నాన్నా?"

నాన్న ఒకటి రెండు పేర్లు అనుకుని, కాదని తనే కొట్టేశాడు.

"కనుక్కుంటానమ్మా" అన్నాడు చివరికి. "ఆవిడ కూడా మన మనిషేగా."